పలకరించే బొమ్మల కొలువు – 4వ పాఠం: బ్రెడ్‌బోర్డు మీంచి మెట్లలోకి

పోయిన మూడు పాఠాల్లో మనం చేసిందంతా టేబుల్ మీదే. మనిషి దగ్గరికొస్తే సెన్సర్ పసిగట్టడం, ఎల్‌ఈడీలు కింది మెట్టు నుంచి పైకి ఒక్కొక్కటీ వెలుగుతూ పోవడం, పై మెట్టు మీద బొమ్మ వచ్చినవాళ్ళ వైపు తిరగడం, ఈ మూడూ బ్రెడ్‌బోర్డు మీద, అంటే సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చే ఆ బోర్డు మీద, మీకు సరిగ్గా ఆడుతుంటేనే ఈ పాఠం మొదలుపెట్టండి. ఏదైనా ఒకటి ఇంకా మొరాయిస్తుంటే వెనక్కెళ్ళి అది సరిచేసుకుని రండి, ఎందుకంటే పెట్టెలోకి ఎక్కించాక తప్పు ఎక్కడుందో వెతకడం చాలా కష్టం, చెయ్యి పట్టదు, కన్ను పట్టదు.

ఈసారి కొత్త కోడ్ ఏమీ లేదు, పూర్తిగా చేతిపనే. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, కోడ్ రాసేశాం కదా అయిపోయింది అనుకుంటారు, కానీ పేరంటానికి వచ్చినవాళ్ళు చూసేది కోడ్ కాదు కదండీ, మెట్లూ, బొమ్మలూ, వెలుగూ. మన కోడ్ నడిచే ఈ ఆర్డునో బోర్డు అనేదే 2005లో ఇటలీలోని ఇవ్రియాలో ఒక ఇంటరాక్షన్ డిజైన్ స్కూల్లో పుట్టింది, ఇంజనీరింగ్ చదవని డిజైన్ స్టూడెంట్లు కూడా తమ ఆలోచనని చేత్తో ముట్టుకునే వస్తువుగా చెయ్యగలగాలని. అంటే ఈ అసెంబ్లీ పని చివర్లో తగిలించే తోక కాదు, అసలు ప్రాజెక్టే ఇది.

ముందు నా అనుభవం ఒకటి చెప్తాను, ఈ పాఠంలో నేను చెప్పే ప్రతి మాటా దాన్నుంచే వచ్చింది. మొదటిసారి ఈ కొలువు చేసినప్పుడు అన్నీ గ్లూ గన్‌తో అంటించేశాను, నానోని (మనం వాడే చిన్న ఆర్డునో బోర్డు), సెన్సర్ని, వైర్లని, వెనక తలుపుని కూడా. చూడ్డానికి గట్టిగా, నీట్‌గా ఉంది. భోగి రోజు సాయంత్రం అమ్మ పై మెట్టు మీద పట్టుగుడ్డ సర్దుతుంటే మెట్టు అర అంగుళం జరిగింది, అంతే, లోపల ఎల్‌ఈడీ స్ట్రిప్‌కి వెళ్ళే వైరు సోల్డర్ దగ్గర ఊడిపోయింది. రెండు నిమిషాల పని అది మళ్ళీ అతికించడం. కానీ అక్కడికి చేరాలంటే మెట్లు చేసిన సన్‌బోర్డు, అంటే ఆ తేలికపాటి ఫోమ్ షీటు, చింపాలి. చింపాను. పిల్లలకి భోగిపళ్ళు పోసే టైముకి కొలువు చీకట్లోనే ఉంది, అమ్మ ఏమీ అనలేదు గానీ నాకు మాత్రం చాలా బాధేసింది. అప్పట్నుంచి నా లెక్క ఒకటే, ఏది బిగించినా మళ్ళీ విప్పేలా బిగించాలి, ఎక్కడ లాగినా ఆ లాగుడు సోల్డర్ దాకా పోకూడదు.

మన కొలువు కొలతలు ఒకసారి గుర్తు చేసుకుందాం. 3 మెట్లు, ఒక్కోటి 50 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. లోతు, 12 సెం.మీ. ఎత్తు. 5 మి.మీ. సన్‌బోర్డుతో చేస్తున్నాం, లోపలంతా డొల్ల, వెనక తెరిచి ఉంటుంది. టేబుల్ మీద పెట్టుకునే చిన్న కొలువు ఇది, పెద్దది కావాలంటే తర్వాత పెంచుకోవచ్చు. మీరు సన్‌బోర్డు కొయ్యకముందే ఇంట్లో పడున్న కొరియర్ అట్టపెట్టె ఒకటి తీసుకుని అవే కొలతలతో ఒక మెట్టు చేసి చూడండి, నానో ఎక్కడ కూర్చుంటుంది, అడాప్టర్ వైరు ఎటునుంచి వస్తుంది, చెయ్యి లోపలికి పెడితే స్క్రూడ్రైవర్ తిరుగుతుందా, ఇవన్నీ అట్టలోనే తెలిసిపోతాయి. అట్ట పాడైతే ఏమీ పోదు, సన్‌బోర్డు షీటు పాడైతే మళ్ళీ షాపుకెళ్ళాలి.

ఇప్పుడు బోర్డు. బ్రెడ్‌బోర్డుని అలాగే పెట్టెలో పెట్టేద్దాం అనిపిస్తుంది, వద్దు, అందులో జంపర్లు ఒట్టి స్ప్రింగు పట్టు మీద నిలబడతాయి, పెట్టె ఒక రూములోంచి ఇంకో రూములోకి మోస్తే చాలు ఏదో ఒకటి లేచొస్తుంది. షాపులో జీరో పీసీబీ అని అడగండి, డాట్ బోర్డు అని కూడా అంటారు, వరస బెజ్జాల చుట్టూ రాగి ప్యాడ్లుండే సోల్డర్ బోర్డు అది, హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి కోఠి గుజరాతీ గల్లీలో ఈ పాఠానికి కావలసినవన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి, మిగతా ఊళ్ళవాళ్ళు ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. దాని మీద నానోని నేరుగా సోల్డర్ చెయ్యొద్దు. 15 పిన్నుల ఫీమేల్ బెర్గ్ స్ట్రిప్పులు, అంటే పిన్నులు గుచ్చుకునే సాకెట్ వరసలు, రెండు సోల్డర్ చేసి నానోని వాటిలో గుచ్చండి, రేపు నానో కాలిపోయినా, వేరే ప్రాజెక్టుకి కావాల్సొచ్చినా, లాగితే వచ్చేస్తుంది. బెర్గ్ స్ట్రిప్పులు వంకర పోకుండా ఒక చిట్కా, నానోని ముందే వాటిలో గుచ్చి, అలాగే బోర్డు మీద కూర్చోబెట్టి, నాలుగు మూలల పిన్నులు మాత్రం ముందు సోల్డర్ చేసి, నిటారుగా ఉన్నాయో లేదో చూసుకుని, నానోని బయటికి తీసేసి, అప్పుడు మిగతావి చెయ్యండి.

సోల్డరింగ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే సగం కంప్లైంట్లు ఇక్కడ్నుంచే పుడతాయి. 25 వాట్ల మామూలు ఐరన్ చాలు. 60/40 లెడ్ సోల్డర్ దాదాపు 190 డిగ్రీల దగ్గరికి పూర్తిగా కరిగిపోతుంది, కానీ సోల్డర్ కరిగితే సరిపోదు, కింద రాగి ప్యాడు, పిన్ను రెండూ వేడెక్కాలి. ఐరన్ మొనని ప్యాడుకీ పిన్నుకీ ఒకేసారి ఆనించి, ఒకటి రెండు సెకన్లు ఆగి, సోల్డర్ తీగని ఐరన్‌కి కాకుండా పిన్నుకి తాకించండి, అదే కరిగి చుట్టూ పాకుతుంది. ముందు తీగ తియ్యాలి, తర్వాత ఐరన్, ఆ తర్వాత చల్లారేదాకా కదపకూడదు. మంచి జాయింటు కళ్ళంలో పోసిన వడ్లరాశిలా ఉంటుంది, పైన సన్నగా, కిందకి జారుతూ, చుట్టూ పరుచుకుని. తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా కూర్చుందంటే అది అంటుకోలేదు, పైకి అంటుకున్నట్టు కనిపిస్తుంది, రెండ్రోజులు పనిచేస్తుంది కూడా, మూడోరోజు వదిలేస్తుంది, దాన్నే డ్రై సోల్డర్ అంటారు. మళ్ళీ వేడి పెట్టి సోల్డర్ బాగా పాకేలా చేసే ఫ్లక్స్ కొంచెం తగిలించండి, సర్దుకుంటుంది. ఇందులో సీసం ఉంటుంది కాబట్టి పని అవ్వగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, మధ్యలో ఏమీ తినొద్దు, కిటికీ తెరిచి పెట్టుకోండి, పిల్లలు పక్కన కూర్చుని చూస్తామంటే ఆ ఐరన్ స్టాండు వాళ్ళకి అందని వైపు ఉంచండి.

బోర్డు మీదనుంచి బయటికి వెళ్ళేవి నాలుగు లైన్లు, సెన్సర్‌కి 4 వైర్లు, సెర్వోకి (బొమ్మని తిప్పే చిన్న మోటారు) 3, స్ట్రిప్‌కి 3, పవర్‌కి 2. సెర్వోకి దాని సొంత మూడు పిన్నుల ప్లగ్గు ఎలాగూ ఉంది, దానికి బోర్డు మీద మగ బెర్గ్ పిన్నులు మూడు చాలు, పవర్‌కి డీసీ జాక్ వస్తుంది, దాని వైర్లని రెండు పిన్నుల కనెక్టర్‌తో బోర్డుకి తగిలిద్దాం. సెన్సర్‌కి, స్ట్రిప్‌కి మాత్రం రెలిమేట్ కనెక్టర్లు వాడండి, షాపులో ఆ పేరుతోనే ఇస్తారు, ఒకవైపు గోడ ఉంటుంది కాబట్టి తిరగేసి గుచ్చలేరు. సెర్వో ప్లగ్గు మాత్రం తిరగేసినా దూరిపోతుంది, అందుకని బోర్డు మీద గోధుమరంగు వైరు వచ్చే వైపు స్కెచ్‌పెన్‌తో ఒక చుక్క పెట్టండి, గోధుమరంగు గ్రౌండ్, ఎరుపు 5 వోల్టులు, నారింజ సిగ్నల్. ప్రతి వైరు రెండు చివర్లా మాస్కింగ్ టేపు ముక్క చుట్టి సె, మో, లై అని రాసేయండి, ఇప్పుడు అన్నీ గుర్తుంటాయి గానీ వచ్చే సంక్రాంతికి అటక మీంచి దించినప్పుడు గుర్తుండవు.

వైరు ఎంపికలో కూడా తేడా ఉంది. బోర్డు మీద కదలకుండా ఉండే చిన్న లింకులకి సింగిల్ స్ట్రాండ్ బాగుంటుంది, వంచినట్టు నిలబడుతుంది. కానీ మెట్టు నుంచి మెట్టుకి పోయేవీ, తలుపు తీసినప్పుడల్లా కదిలేవీ మల్టీ స్ట్రాండే ఉండాలి, సింగిల్ స్ట్రాండ్ పదిసార్లు వంగితే లోపల విరిగిపోతుంది, పైన ప్లాస్టిక్ బాగానే ఉంటుంది కాబట్టి మీకు కనిపించదు. సిగ్నల్ వైర్లకి 7 పోగులుండే 7/36, పవర్‌కి 14 పోగులుండే 14/36 తీసుకోండి.

పవర్ లెక్క ఒకసారి వేద్దాం. మీటరుకి 30 ఎల్‌ఈడీల స్ట్రిప్ వాడుతున్నాం, మెట్టుకి అర మీటరు, అంటే 15, మొత్తం 45. మన స్ట్రిప్ మీదుండే డబ్ల్యూఎస్2812బీ రకం ఒక్కో ఎల్‌ఈడీ పూర్తి తెలుపులో దాదాపు 60 మిల్లీఆంపులు తాగుతుంది, 45 కలిపితే 2.7 ఆంపులు. మూడో పాఠంలో బ్రైట్‌నెస్ 255కి బదులు 80 దగ్గర ఆపాం కదా, దాంతో అది ఒక ఆంపు లోపలే ఉంటుంది. సెర్వో తిరిగేటప్పుడు ఎక్కడైనా ఇరుక్కుంటే ఇంకో అర ఆంపు పైనే లాగుతుంది. కాబట్టి 5 వోల్టుల 3 ఆంపుల అడాప్టర్ హాయిగా సరిపోతుంది, కానీ ఆ కరెంటు నానో లోంచి పోకూడదు, ఇది చాలా ముఖ్యం. అడాప్టర్ నుంచి వచ్చిన 5 వోల్టులు, గ్రౌండ్ ముందు జీరో పీసీబీ మీద రెండు మందపాటి లైన్లుగా వెయ్యండి, నానో, సెర్వో, స్ట్రిప్ మూడూ విడివిడిగా ఆ లైన్ల నుంచే తీసుకోవాలి, ఊళ్ళో కాలవ నుంచి ఎవరి పొలానికి వాళ్ళు బోదె తీసుకున్నట్టు. ఒకరి పొలం మీంచి ఇంకొకరికి పారిస్తే చివరివాడికి నీళ్ళందవు, ఇక్కడా అంతే, బొమ్మ తిరిగిన ప్రతిసారీ లైట్లు వణుకుతాయి, నానో రీసెట్ అయిపోతుంది.

ఆ లైన్ల మీదే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, 16 వోల్టులది, పక్కన చార ఉన్న కాలు గ్రౌండ్‌కి. తిరగేస్తే పేలుతుంది, రెండుసార్లు చూసుకుని పెట్టండి. నానో నుంచి స్ట్రిప్‌కి ఆదేశాలు పోయే డేటా లైనులో 470 ఓముల రెసిస్టర్, పసుపు ఊదా గోధుమ రంగులు, దీన్ని వీలైనంతవరకు స్ట్రిప్ మొదటి ఎల్‌ఈడీకి దగ్గరగా ఉంచండి. ఇంకొక జాగ్రత్త, కోడ్ మార్చడానికి యూఎస్‌బీ పెట్టాల్సొస్తే ముందు అడాప్టర్ తీసేసి, స్ట్రిప్ కనెక్టర్, సెర్వో ప్లగ్గు కూడా ఊడదీయండి, లేకపోతే ఆ బరువంతా కంప్యూటర్ పోర్టు మీద, నానో మీద పడుతుంది. కనెక్టర్లు పెట్టుకున్నందుకు మొదటి లాభం ఇదే.

బోర్డుని పెట్టె అడుగుకి గ్లూతో అంటించకండి. నాలుగు మూలలా ఎం3 స్పేసర్లు, అంటే బోర్డుని ఎత్తి పట్టే చిన్న కాళ్ళు, పెట్టి స్క్రూలతో బిగించండి, సన్‌బోర్డులో స్క్రూ పట్టదు కాబట్టి కింద 3 మి.మీ. ఎండీఎఫ్ చెక్క ముక్క ఒకటి ఫెవికాల్‌తో అతికించి, స్పేసర్లు దానికి. ఆ ఎండీఎఫ్ ముక్క శాశ్వతం, దాని మీద బోర్డు ఎప్పుడైనా విప్పుకోవచ్చు.

సెన్సర్ ఇప్పుడు. కింది మెట్టు ముందు గోడలో దాని రెండు కళ్ళకి, అంటే శబ్దం పంపే డబ్బాకీ, తిరిగొచ్చింది వినే డబ్బాకీ, రెండు బెజ్జాలు కావాలి. స్కేలుతో కొలిచి గీస్తే నాకు ఎప్పుడూ ఒక మిల్లీమీటరు తేడా వచ్చేది, ఇప్పుడు ఏం చేస్తానంటే ఆ రెండు గుండ్రటి డబ్బాల అంచుకి మాత్రం, జల్లెడ మీద పడకుండా, స్కెచ్‌పెన్ ఇంకు రాసి కాగితం మీద అద్దుతాను, రెండు వలయాలు పడతాయి, ఆ కాగితాన్ని సన్‌బోర్డు మీద అంటించి దాని ప్రకారం కోస్తాను, ఒక వెంట్రుకవాసి పెద్దగానే. డబ్బాలు గోడకి సమానంగానో కొంచెం బయటికో రావాలి, లోపలికి పోయి ఉంటే సెన్సర్ పంపే 40 కిలోహెర్ట్జ్ శబ్దం బెజ్జం అంచుకే తగిలి వెనక్కొస్తుంది, ఎవరూ లేకపోయినా మనిషి ఉన్నట్టు చూపిస్తుంది. ఈ సెన్సర్ 2 సెం.మీ. నుంచి చూస్తుంది కాబట్టి ముందు ఏం అడ్డం ఉన్నా పట్టేస్తుంది. మా ఇంట్లో ఎవరో తాంబూలం పళ్ళెం తెచ్చి సరిగ్గా దాని ముందు పెట్టారు, లైట్లు ఆరనే లేదు. పట్టుగుడ్డ మెట్ల మీద పరిచేటప్పుడు అంచు కళ్ళ మీదకి జారకుండా చూసుకోవాలి, బట్ట ఆ శబ్దాన్ని మింగేస్తుంది. అందుకే టెస్ట్ చేసేటప్పుడు మీ అరచేయో పుస్తకమో అడ్డం పెట్టి సరే అనుకోకండి, అమ్మనో అక్కనో చీరలో నిలబెట్టి చూడండి, కుచ్చిళ్ళ మెత్తదనానికి తిరిగొచ్చే శబ్దం తగ్గుతుంది, దాన్నిబట్టి దూరం సర్దుకోవాలి.

స్ట్రిప్‌ని మూడు ముక్కలు చెయ్యాలి, రాగి ప్యాడ్ల మధ్య గీత ఉన్నచోటే కత్తెర వెయ్యండి. మెట్టు మూల దగ్గర స్ట్రిప్‌ని మడిచి తిప్పేద్దాం అనుకోవద్దు, మడత దగ్గర లోపలి రాగి చిట్లిపోతుంది, ముక్కకి ముక్కకి మధ్య మూడు వైర్లు వెయ్యడమే మంచిది. స్ట్రిప్ మీద బాణం గుర్తు ఉంటుంది, అది నానో నుంచి దూరంగా పోతున్నట్టు ఉండాలి, రెండో మెట్టు దగ్గర ముక్క తిరగబడిపోవడం అందరూ చేసే తప్పే, అతికించే ముందు మూడు ముక్కల్నీ నేల మీద వరసగా పరిచి బాణాలు చూసుకోండి. ప్యాడు మీద కొంచెం, వైరు కొస మీద కొంచెం ముందే సోల్డర్ పట్టించుకుంటే రెండూ ఒక్క తాకుడుతో అతుక్కుంటాయి. మెట్టుకి మెట్టుకి మధ్య వైరు అవసరమైనదానికన్నా నాలుగు వేళ్ళు ఎక్కువ వదలండి, ఆ ఎక్కువ భాగాన్ని చిన్న వంపు తిప్పి, సోల్డర్‌కి రెండంగుళాల ఇవతల జిప్ టైతో గోడకి కట్టేయండి. ఇకమీదట మెట్టు జరిగినా, ఎవరు లాగినా ఆ దెబ్బ జిప్ టై తింటుంది. భోగి రోజు నాకు లేనిది ఇదొక్కటే. స్ట్రిప్ వెనకున్న జిగురుని కూడా నమ్మకండి, దుమ్ముకీ వేడికీ వదిలేస్తుంది, అక్కడక్కడా క్లిప్పులు పెట్టండి.

ఇక బొమ్మ తిరగడం. కొండపల్లి బొమ్మ అయితే తేలికే, తెల్లపొణికి కర్ర బరువుండదు, కానీ ఎంత తేలికైనా ఆ బరువుని సెర్వో ఇరుసు మీద పెట్టకూడదు, మన ఎస్‌జీ90 సెర్వో మొత్తం బరువే 9 గ్రాములు, లోపల పళ్ళచక్రాలు ప్లాస్టిక్‌వి. పాత సీడీ ఒకటి తీసుకోండి, 12 సెం.మీ. చక్రం రెడీమేడ్‌గా దొరికినట్టే. పై మెట్టులో సెర్వో ఇరుసు పైకి వచ్చేలా బెజ్జం కోసి, సెర్వోని కింద ఎండీఎఫ్ ముక్కకి దాని రెండు స్క్రూలతో బిగించండి, మధ్యలో పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టండి, లేకపోతే సన్‌బోర్డు డప్పులా మోగుతుంది, చిన్న మోటారు చప్పుడే రూమంతా వినిపిస్తుంది. బెజ్జం చుట్టూ సీడీ అంచుకి కొంచెం లోపలగా మూడు డ్రాయింగ్ పిన్నులు సమాన దూరంలో గుచ్చండి, వాటి గుండ్రటి తలల మీద సీడీ ఆని తిరుగుతుంది. బరువు పిన్నులది, తిప్పడం మాత్రమే సెర్వోది. హార్న్ అంటే సెర్వో ఇరుసుకి తొడిగి సీడీని తిప్పే ప్లాస్టిక్ ముక్క, దాని తలకీ పిన్నుల తలకీ ఎత్తు కలవకపోతే పిన్నుల కింద అట్టముక్కలు పెట్టి సర్దండి. హార్న్ బిగించే ముందు సెర్వోకి 90 డిగ్రీలు పంపించి ఆ స్థితిలో ఉంచాలి, అప్పుడు బొమ్మ ఎదురుగా చూస్తుండగా హార్న్ తొడిగి చిన్న స్క్రూ వెయ్యాలి, చేత్తో మాత్రం తిప్పకండి, పళ్ళు విరుగుతాయి.

బొమ్మని సీడీకి అంటించొద్దు, నా మాట వినండి. కొండపల్లి వాళ్ళు చేతులూ కాళ్ళూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగులు వేస్తారు, అంత ఓపికగా చేసిన దానికి మనం గ్లూ గన్ పూస్తే తీసేటప్పుడు రంగు ఊడొస్తుంది. అమ్మమ్మల నాటి బొమ్మలైతే అసలే వద్దు. బొమ్మ అడుగు ఆకారంలో సన్‌బోర్డు మీద బెజ్జం కోసి, ఆ ముక్కని సీడీ మీద అతికించండి, ఒక గూడులా ఉంటుంది, బొమ్మ అందులో కూర్చుంటుంది, పండగ అవ్వగానే ఎత్తి మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టుకోవచ్చు.

అన్నీ కూర్చాక వెంటనే స్విచ్ వెయ్యకండి. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, నానో తీసేసి, 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య చూడండి, కెపాసిటర్ నిండేదాకా చిన్న బీప్ వచ్చి ఆగిపోతే పర్లేదు, ఆగకుండా మోగితే ఎక్కడో షార్టు ఉంది. అది లేదని తేలాక నానో లేకుండానే పవర్ ఇచ్చి నానో సాకెట్లో 5 వోల్టుల పిన్ను దగ్గర 5 వోల్టులే వస్తోందో లేదో కొలవండి. తర్వాత పవర్ తీసి నానో గుచ్చి, సెన్సర్ ఒక్కటే తగిలించి చూడండి, ఆ తర్వాత స్ట్రిప్, చివరికి సెర్వో, ప్రతిసారీ పవర్ తీసే తగిలించాలి. ఒక్కోటి కలుపుతూ పోతే ఏది కలిపినప్పుడు ఆగిందో మీకే తెలుస్తుంది.

వెనక తలుపుకి వెల్క్రో వెయ్యండి, అడాప్టర్‌ని పెట్టె బయటే ఉంచండి. దీపం మాత్రం మెట్ల మీద పెట్టొద్దు, సన్‌బోర్డు మంట దగ్గర కరుగుతుంది, అంటుకుంటుంది కూడా, కొలువుకి దీపం లేకుండా ఎలా అంటారేమో, కింద పీట మీద, మూరెడు దూరంలో, పక్కకి జరిపి పెట్టుకోండి, అటైతే సెన్సర్‌కి కూడా అడ్డం రాదు.

వచ్చే పాఠం లోపు ఒక పని చేసి ఉంచండి. పెట్టెని పూర్తిగా బిగించి, రెండు చేతులతో ఎత్తి, ఇంకో రూములోకి తీసుకెళ్ళి దించి, మళ్ళీ పవర్ ఇవ్వండి. అలా మూడుసార్లు. తర్వాత నానోని బయటికి తీసి తిరిగి పెట్టడానికి ఎంతసేపు పట్టిందో చూసుకోండి. అయిదు నిమిషాలు దాటిందంటే ఎక్కడో ఒకటి విప్పలేనట్టు బిగించారు, అది ఏదో వెతికి కనెక్టరో స్క్రూనో పెట్టండి. ఐదో పాఠంలో ఒకేసారి నలుగురు ఎదురుగా నిలబడితే బొమ్మ ఎవరి వైపు తిరగాలి అనేది చూద్దాం, దానికి రెండో సెన్సర్ కావాలి, కాబట్టి ముందు గోడలో ఇప్పుడే కుడివైపు ఇంకో జత బెజ్జాలకి పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఉంచండి.